రెండో సీటు ఎందుకు? ‘భేరుండ’ స్టార్‌ఫైటర్ డిజైన్ కేస్ స్టడీ

ఒక యానిమేషన్ సిరీస్ కోసం రెండు సీట్ల స్టార్‌ఫైటర్ డిజైన్ చేశాను. దాని పేరు భేరుండ. ఒక పేజీ బ్రీఫ్‌తో మొదలైన పని మోడలింగ్, రిగ్గింగ్ (మోడల్‌కి కదలికలు అమర్చే పని) టీమ్‌ల చేతికి వెళ్ళేదాకా ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో ఇక్కడ రాస్తున్నాను. రెండర్లు చూసినవాళ్ళు ఎక్కువగా రెక్కల గురించే అడుగుతారు. ఆ రెక్కలు చాలా ఆలస్యంగా వచ్చాయి. అన్నిటికంటే ముందు తేల్చుకున్నది వెనక సీటులో కూర్చునే మనిషి చేసే పని.

బ్రీఫ్ చిన్నదే. ఒకే నౌకలో ఇద్దరు. కథ దాదాపు అంతా కాక్‌పిట్‌లోనే నడుస్తుంది. కృత్రిమ గురుత్వం లేదు, కాంతిని మించిన వేగం లేదు, శూన్యంలో శబ్దం లేదు. ఇద్దరి ముఖాలూ ఒకే షాట్‌లో కనిపించాలి. కింద దర్శకుడు ఒక లైను కలిపారు: చూడగానే ఫైటర్ అనిపించాలి, రెక్కల్లాంటివి ఉంటే బాగుంటుంది.

శూన్యంలో రెక్కలకు పని లేదు. ఆ లైను అలా పక్కన పెట్టి, ముందు రెండో మనిషి సంగతి చూశాను.

వెనక కూర్చున్నవాళ్ళు ఏం చేస్తారు?

రెండు సీట్ల ఫైటర్ గీయమంటే చాలామంది ఒక సీటు ఫైటర్ గీసి, కాక్‌పిట్‌ని కొంచెం సాగదీసి, వెనక ఇంకో హెల్మెట్ పెడతారు. బొమ్మ బాగానే ఉంటుంది. కానీ ఆ రెండో మనిషిని తీసేసినా నౌకలో ఏమీ మారదు. అలాంటి డిజైన్ కథకి సాయం చేయదు. వెనకున్న పాత్ర డైలాగులు చెప్పడానికి తప్ప దేనికీ పనికిరాదు.

విమానాల చరిత్రలో దీనికి మంచి ఉదాహరణలు ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిస్టల్ ఫైటర్‌లో పైలట్ ముందు, గన్నర్ వెనక, వీపులు ఆనించుకుని కూర్చునేవాళ్ళు. 1917 ఏప్రిల్‌లో దాని మొదటి గస్తీలో బయల్దేరిన 6 విమానాల్లో 4 తిరిగి రాలేదు. అప్పటి పాత పద్ధతిలో, విమానాలు గుంపుగా ఎగురుతూ వెనక గన్నర్ల మీద ఆధారపడ్డాయి. తర్వాత పైలట్లు దాన్ని ఒక సీటు ఫైటర్‌లా దూకుడుగా నడిపి, ముందున్న తుపాకీని ప్రధాన ఆయుధంగా, వెనక తుపాకీని వీపు కాచేదిగా వాడటం మొదలుపెట్టారు. అదే విమానం ఆ యుద్ధంలో అత్యుత్తమ ఫైటర్లలో ఒకటిగా పేరు తెచ్చుకుంది. మారింది ఇద్దరి మధ్య పని పంపకం.

రెండో ప్రపంచ యుద్ధం నాటి బౌల్టన్ పాల్ డిఫయంట్ దీనికి ఎదురు ఉదాహరణ. ఆయుధాలన్నీ వెనక టరెట్‌లోనే, అంటే తిరిగే తుపాకీ గూడులోనే. పైలట్‌కి ముందుకు కాల్చే తుపాకీ లేదు. ఎక్కడికి వెళ్ళాలో పైలట్‌కి తెలుసు, ఎటు కాల్చాలో గన్నర్‌కి తెలుసు, ఒకరి తలలో ఉన్నది ఇంకొకరికి సమయానికి అందదు. 1940లో పగటి పోరాటాల్లో భారీగా నష్టపోయాక దాన్ని రాత్రి పోరాటాలకు మార్చారు.

జెట్ యుగంలో పని పంపకం స్పష్టమైంది. ఎఫ్-14 టామ్‌క్యాట్‌లో వెనక సీటు అధికారి రాడార్ చూసుకునేవాడు. ఆ రాడార్ ఒకేసారి 24 లక్ష్యాలను వెంబడించగలదు, 6 లక్ష్యాలపైకి క్షిపణులను నడిపించగలదు. ఆ పని చేస్తూ విమానం నడపడం ఒక మనిషి వల్ల అయ్యేది కాదు. వెనక సీటులో విమానం నడిపే స్టిక్ కూడా లేదు. ఎఫ్-4 ఫాంటమ్ విషయంలో అమెరికా నౌకాదళం వెనక స్టిక్ వద్దనుకుంది, వైమానిక దళం పెట్టించుకుంది. విమానం ఒకటే అయినా, రెండో మనిషిని ఏమనుకోవాలన్న దానిపై రెండు అభిప్రాయాలు. నేను తేల్చుకోవాల్సిందీ అదే.

మా కథాకాలంలో లక్ష్యాలను వెంబడించే పనికి మనిషి అవసరం లేదు, కంప్యూటర్ చాలు. కాబట్టి టామ్‌క్యాట్ పంపకాన్ని అలాగే తెచ్చుకుంటే లాభం లేదు. అంతరిక్షానికి మాత్రమే సొంతమైన పంపకం కావాలి.

దారి ఒకరిది, ముక్కు ఒకరిది

గాలిలో విమానం ముక్కు ఎటు ఉంటే దాదాపు అటే పోతుంది. శూన్యంలో ఆ కట్టుబాటు లేదు. ఇంజిన్ ఆపేశాక నౌక ఒక దిశలో పోతూనే ఉంటుంది, ముక్కు ఎటైనా తిప్పుకోవచ్చు. వెళ్ళే దారి వేరు, చూసే దిక్కు వేరు. భేరుండలో ఈ రెండు పనులనూ ఇద్దరికి పంచాను. ముందు సీటుది దారి. ఎంత వేగం, ఎటు జరగాలి, ఇంజిన్ ఎప్పుడు వెలగాలి అన్నవి ఆ సీటు చూసుకుంటుంది. వెనక సీటుది ముక్కు. నౌక ఎటు తిరిగి ఉండాలి, తుపాకీ దేనికి గురి పెట్టాలి అన్నవి ఈ సీటు చూసుకుంటుంది.

దీనికి ఆధారం అపోలో నౌకల్లోనే ఉంది. వాటిలో ఎడమ చేతికి నౌకను జరిపే కంట్రోలర్, కుడి చేతికి తిప్పే కంట్రోలర్ ఉండేవి. ఒక మనిషి రెండు చేతుల పనిని నేను ఇద్దరు మనుషులకు ఇచ్చానంతే.

అసలు మెలిక ఇక్కడుంది. ప్రధాన ఇంజిన్ నౌక వెనక బిగించి ఉంటుంది, అది ముక్కు ఉన్న వైపే నెడుతుంది. ముందు సీటు దారి మార్చాలంటే ముక్కు తనకు కావలసిన దిక్కుకి రావాలి. వెనక సీటు అదే క్షణంలో ముక్కును శత్రువు మీద నిలిపి ఉండొచ్చు. ఇద్దరికీ ఒకేసారి కావలసింది ఒక్కటే ఉంది. పంచతంత్రంలో రెండు తలలు, ఒకే కడుపు ఉన్న భేరుండ పక్షి గుర్తొచ్చి ఆ పేరు పెట్టాను. ఆ తలలు ఒకదానికొకటి ఎదురు తిరిగితే ఏమవుతుందో మనందరికీ తెలిసిన కథే.

ఈ తగువు వాళ్ళ చేతుల్లో కూడా కనపడాలి. రెండు సీట్ల పక్కనా ఒక్కో పొడవాటి లివర్ పెట్టాను, రెండూ లోపల ఒకే కడ్డీకి కలిసి ఉంటాయి. ఒకటి పైకి లేస్తే రెండోది కిందికి దిగుతుంది. లివర్ ఎవరిది పైకి ఉంటే ముక్కు వాళ్ళది. పైలట్లు విమానం అప్పగించుకునేటప్పుడు కంట్రోల్ ఎవరి దగ్గరుందో పైకి చెప్పుకుంటారు, ఇద్దరూ ధ్రువీకరించుకుంటారు. అదే పద్ధతి ఇక్కడా పెట్టాం. సిరీస్‌లో ముందు కూర్చునేవాడు చిన్నవాడు, వెనక కూర్చునే ఆమె అనుభవం ఉన్న మనిషి. “అక్కా, ముక్కు ఇవ్వు.” “ఆగరా, రెండు సెకన్లు.” ఈ రెండు మాటల మధ్య వచ్చే టెన్షన్ కోసమే నౌక అంతా కట్టాను అన్నా తప్పులేదు.

ముక్కు ముందు సీటు చేతిలో ఉంటే కనోపీ (కాక్‌పిట్ మీది గాజు కప్పు) ఫ్రేమ్ మీద పసుపు లైటు, వెనక సీటు చేతిలో ఉంటే నీలం లైటు. ఆ రంగు ఇద్దరి ముఖాల మీదా పడుతుంది. డైలాగ్ వినకపోయినా, ముక్కు ఎవరిదో ప్రేక్షకుడికి తెలిసిపోతుంది.

కంప్యూటరే ఇది కూడా చేయొచ్చు కదా అని రైటింగ్ టీమ్‌లో ఒకరు అడిగారు. సరైన ప్రశ్న. లెక్క కంప్యూటర్ చేస్తుంది. కానీ ఇప్పుడు తప్పించుకోవాలా, దెబ్బ తిని అయినా కాల్చాలా అన్న ఎంపిక మనిషిది. 1966లో జెమిని 12 అంతరిక్ష నౌకలో రాడార్ మొరాయిస్తే బజ్ ఆల్డ్రిన్ సెక్స్‌టాంట్ (కోణాలు కొలిచే పరికరం), చార్టుల సాయంతో లెక్క కట్టాడు, జిమ్ లోవెల్ నౌక నడిపాడు, ఇద్దరూ కలిసి లక్ష్యాన్ని చేరుకున్నారు. పరికరం పోయినా ఇద్దరి మధ్య పంపకం నిలబడింది. ఒక ఎపిసోడ్‌కి సరిపడా సరుకు ఇందులోనే ఉంది.

సీట్లు ఎక్కడ పెట్టాలి?

పని తేలాక సీట్ల అమరిక. పక్కపక్కన కూర్చోబెట్టే పద్ధతి ఎఫ్-111, సుఖోయ్-34, జెమిని నౌకల్లో ఉంది. కెమెరాకి అది చాలా సులువు. కానీ అప్పుడు ఇద్దరూ ఒకరినొకరు చూసుకోగలరు. మా కథలో వాళ్ళు గొంతు మీదే ఆధారపడాలి. పైగా నౌక వెడల్పు పెరిగి ఫైటర్ పోలిక పోతుంది.

బ్రిస్టల్ ఫైటర్‌లా వీపులు ఆనించి కూర్చోబెట్టడం నాకు చాలా నచ్చిన ఆలోచన. దాన్ని వదులుకోవడానికి కారణం శరీరం. ఇంజిన్ నెట్టినప్పుడు ముందుకు చూసే మనిషి సీటులోకి ఒత్తుకుపోతాడు. ఛాతీ నుంచి వీపు వైపు పడే ఆ బరువును మనిషి బాగా తట్టుకుంటాడు. వెనక్కి తిరిగి కూర్చున్న మనిషి అదే సమయంలో బెల్టులకు వేలాడతాడు. 3 జీ (భూమి మీది బరువుకు మూడు రెట్లు) దగ్గర అది హింస, 5 జీ దగ్గర పని చేయడం కుదరదు.

చివరికి ఇద్దరూ ముందుకే చూస్తారు, ఒకరి వెనక ఒకరు. కానీ వెనక సీటును 40 సెంటీమీటర్లు ఎత్తి, 25 సెంటీమీటర్లు కుడికి జరిపాను. ముందు నుంచి చూసే కెమెరాకి ముందు మనిషి కుడి భుజం పక్కగా వెనక మనిషి ముఖం పూర్తిగా కనపడుతుంది. ఇది కెమెరా కోసం పుట్టించిన ఏర్పాటేమీ కాదు. ఏ-6 ఇంట్రూడర్, మస్కిటో విమానాల్లో రెండో మనిషి పైలట్ పక్కనే, కొంచెం వెనక్కి జరిగి కూర్చునేవాడు.

ఇక్కడ ఒక విషయం మా టీమ్ అందరికీ కొత్తగా అనిపించింది. విమానంలో జీ భారం ఎక్కువగా మలుపుల్లో, తల నుంచి కాళ్ళ వైపు పడుతుంది. అంతరిక్ష ఫైటర్‌లో అది వీపు వెనకున్న ఇంజిన్ నుంచి వస్తుంది. అంటే ఇంజిన్ వెలిగినంతసేపూ నౌక ఒక నిలువు గోపురం. ముక్కు పై అంతస్తు, ఇంజిన్ కింది అంతస్తు. వెనక సీటు మనిషి ముందు సీటు మనిషికి కింద ఉన్నట్టు. ముందున్నవాడి చేతిలోంచి టాబ్లెట్ జారితే నేరుగా ఆమె మీద పడుతుంది. అందుకే రెండు సీట్ల మధ్య గట్టి వల పెట్టాను. ఆ వల ఎందుకో ఏ పాత్రా చెప్పదు, కానీ ఒక సీన్‌లో దానికి ఒక పెన్ను, ఒక చేతి తొడుగు చిక్కుకుని ఉంటాయి.

పూర్తి ఇంధనంతో నౌక బరువు 24 టన్నులు, ఖాళీగా 14 టన్నులు అనుకున్నాం. నిండుగా ఉన్నప్పుడు 3 జీ ఇచ్చే ఇంజిన్, ట్యాంకులు ఖాళీ అయ్యేసరికి 5 జీ దాటిస్తుంది. అప్పుడు చేయి ఎత్తడమే కష్టం. కాబట్టి భారం పడేటప్పుడు కావలసిన మీటలన్నీ చేతులు ఆనించే చోట, వేళ్ళకు అందేలా ఉంటాయి. టచ్ స్క్రీన్లు ఉన్నాయి గానీ అవి ఇంజిన్ ఆపినప్పుడు మాత్రమే పనికొస్తాయి. మీటల మధ్య దూరం ప్రెషర్ సూట్ తొడుగు వేసుకున్న వేలుకి సరిపోయేలా పెట్టాం.

కాక్‌పిట్ ముక్కులో ఉండాలన్నది అందరికీ అలవాటైన ఊహ. దాన్ని లెక్క ఒప్పుకోలేదు. నౌక పొడవు 17 మీటర్లు. తిరిగేటప్పుడు అది తన ద్రవ్యరాశి కేంద్రం చుట్టూ తిరుగుతుంది. ఆ కేంద్రానికి 7 మీటర్ల ముందు కూర్చున్న మనిషి, నౌక సెకనుకు 120 డిగ్రీల వేగంతో తిరిగితే, 3 జీకి పైగా బలంతో ముక్కు వైపు లాగబడతాడు. అదీ బెల్టుల మీదికి. అదే 1.5 మీటర్ల దూరంలో ఉంటే 0.7 జీ లోపే. కాబట్టి కాక్‌పిట్‌ని నౌక నడుముకు తెచ్చాను. వెనక సీటు సరిగ్గా కేంద్రం దగ్గర, ముందు సీటు దానికి 1.5 మీటర్ల ముందు. నౌకను తిప్పే మనిషికి ఆ తిప్పుడు దాదాపు తెలియదు, ముందున్నవాడికి తెలుస్తుంది. వాళ్ళిద్దరి తగువులకు ఇది ఇంకో కారణం.

అయితే ఆ చోటు ఇంధన ట్యాంకులకూ కావాలి. ట్యాంకు కేంద్రానికి దూరంగా ఉంటే ఇంధనం తగ్గేకొద్దీ సమతుల్యం జరుగుతుంది. అందుకని ఒకే ట్యాంకుని మూడుగా విడగొట్టి కాక్‌పిట్‌కి ఎడమ, కుడి, కింద పెట్టాను. ఇంధనంలో హైడ్రోజన్ ఎక్కువ, కాబట్టి రేడియేషన్‌కి అది అడ్డు కూడా అవుతుంది. పైభాగం మాత్రం ఖాళీ. అక్కడ కనోపీ ఉంది, ప్రమాదంలో కాక్‌పిట్ మొత్తం ఊడి అటే పైకి వెళ్తుంది. ఎఫ్-111లో ఇలాగే కాక్‌పిట్ మొత్తం విడిపోయేది. శూన్యంలో సీటు ఒక్కటే విసిరేస్తే మనిషికి గాలి ఎక్కడిది? ఆ కాప్సూల్ విడిపోయే గీత నౌక మీద అన్నిటికంటే లోతైన ప్యానెల్ లైన్. మొదటి ఎపిసోడ్ నుంచీ అది కనపడుతూనే ఉంటుంది.

రెక్కలు వేడి నుంచి పుట్టాయి

నాకు ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది.

శూన్యంలో వేడిని ఊదేయడానికి గాలి లేదు. నౌక వేడి బయటికి పోవాలంటే ఏదో ఒక ఉపరితలం నుంచి కిరణాలుగా పోవాలి. ఎంత పోతుందన్నది ఉష్ణోగ్రత నాలుగో ఘాతం మీద ఆధారపడుతుంది. ఉష్ణోగ్రత రెట్టింపైతే బయటికి పోయే వేడి 16 రెట్లు. ఈ ఒక్క సూత్రం నౌక ఆకారాన్ని నిర్ణయించింది.

ముందు ఇంజిన్ సంగతి. మేం ఊహించిన ఇంజిన్ జెట్ శక్తి సుమారు 7 గిగావాట్లు. అందులో ఒక్క శాతం వేడి నౌకలో మిగిలినా, 1200 కెల్విన్ (సుమారు 930 డిగ్రీల సెల్సియస్) దగ్గర కూడా 300 చదరపు మీటర్లకు పైగా రేడియేటర్, అంటే వేడిని కిరణాలుగా వదిలే పలక, కావాలి. అది ఫైటర్ అనిపించుకోదు. అందుకే ఇంజిన్ వేడి అంతా ఇంధనంతోపాటే బయటికి పోతుందని నియమం పెట్టుకున్నాం. నిజమైన రాకెట్లలోనూ చాలావాటిలో ఇంధనాన్ని ముందు నాజిల్ గోడల చుట్టూ తిప్పి, ఆ గోడలను చల్లబరిచాకే మండిస్తారు. ఇంజిన్ ఎంత శక్తిమంతం అన్నది మా కల్పన, వేడి ఎటు పోతుందన్నది కల్పన కాదు.

మిగిలింది రియాక్టర్, తుపాకీల నుంచి వచ్చే 2 మెగావాట్ల వేడి, మనుషులు, ఎలక్ట్రానిక్స్ నుంచి వచ్చే 20 కిలోవాట్ల వేడి. మొదటిది రెండోదానికి 100 రెట్లు. మొదటిదాన్ని 1000 కెల్విన్ దగ్గర బయటికి పంపొచ్చు. రెండు వైపులా కిరణాలు వెదజల్లే పలకకి సుమారు 20 చదరపు మీటర్లు సరిపోతాయి. రెండోది మనిషి బతికే ఉష్ణోగ్రత దగ్గరే, అంటే సుమారు 300 కెల్విన్ దగ్గరే పోవాలి. దానికి 24 చదరపు మీటర్లు కావాలి. రియాక్టర్ కంటే ఇద్దరు మనుషులకీ వాళ్ళ కంప్యూటర్లకీ పెద్ద పలక! అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం అమ్మోనియా రేడియేటర్లతో సుమారు 70 కిలోవాట్ల వేడినే పంపుతుంది. అయినా వాటి పరిమాణం ఫొటోల్లో చూస్తే ఇది నమ్మబుద్ధేస్తుంది.

దాంతో రెక్కలు వచ్చేశాయి. చల్లటి రేడియేటర్లు ఒక్కోటి 12 చదరపు మీటర్లు, రెండు పక్కలకీ పలచగా చాచుకుని, తెల్లగా ఉంటాయి. తెలుపు ఎందుకంటే ఎండ వేడిని తక్కువ పీల్చుకోవాలి, తన వేడిని బాగా వదలాలి. వేడి రేడియేటర్లు వెనక, కింది వైపు, నిలువుగా, నల్లగా ఉంటాయి. పని చేసేటప్పుడు మసక ఎరుపులో వెలుగుతాయి. 1000 కెల్విన్ దగ్గర వస్తువు నిజంగానే అలా వెలుగుతుంది. ఒక పలక ఇంకో పలకని చూడకూడదు, చూస్తే వేడి ఒకదాన్నుంచి ఒకదానికి చేరుతుంది. అందుకే ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. దర్శకుడు అడిగిన రెక్కలు ఆయనకు దొరికాయి, ప్రతి అంగుళానికీ నా దగ్గర కారణం ఉంది.

యుద్ధంలో ఆ పలకలు చాచి ఉంచితే ఒక్క రాయి తగిలినా చిల్లు. కాబట్టి మడవాలి. మడిచాక వేడి ఎక్కడికి పోవాలి? నీటిని మరిగించి ఆవిరిగా బయటికి వదలడం. షటిల్‌లో నీటిని ఆవిరి చేసే ఇలాంటి ఏర్పాటు ఉండేది, చంద్రుడి మీద దిగిన లూనార్ మాడ్యూల్ కూడా నీటితోనే చల్లబడేది. భేరుండలో 300 కిలోల నీళ్ళు పెట్టాను. 2 మెగావాట్ల దగ్గర సుమారు ఆరున్నర నిమిషాలు వస్తాయి. ప్రతి పోరాట సన్నివేశానికీ గడియారం దొరికింది. రైటర్లు దీన్ని పట్టుకుని వదల్లేదు.

ఆవిరి ఒక వైపే వదిలితే అది చిన్న రాకెట్‌లా నెడుతుంది. అందుకని ఎదురెదురు వైపులకు రెండు రంధ్రాలు. ఈ నీటి లెక్క, పలకలు మడిచే మీట వెనక సీటువే. ముక్కు ఎంతసేపు పట్టుకోవచ్చో, తుపాకీ ఇంకెన్నిసార్లు పేల్చొచ్చో ఆమెకే తెలుసు. ముందున్నవాడికి వేడి మీటర్ లేదు, కావాలనే పెట్టలేదు. అతను అడిగి తెలుసుకోవాలి.

థ్రస్టర్లు, తుపాకీ

నౌకను తిప్పే చిన్న రాకెట్లు, అంటే థ్రస్టర్లు, కేంద్రానికి ఎంత దూరంగా ఉంటే అంత తక్కువ ఇంధనంతో తిరగొచ్చు. అందుకే ముక్కు చివర నాలుగు గుత్తులు, తోక చివర నాలుగు. వాటి మంట పలకల మీద, కనోపీ మీద పడకుండా ఒక్కో నాజిల్ కోణాన్ని మార్చుకుంటూ పోయాను. లూనార్ మాడ్యూల్‌కి కూడా థ్రస్టర్ మంట కింది భాగానికి తగలకుండా రేకులు అమర్చారు, అలాంటివే రెండు చోట్ల పెట్టాను.

1966లో జెమిని 8లో ఒక థ్రస్టర్ ఆగకుండా మండి నౌక దాదాపు సెకనుకొక చుట్టు తిరిగింది. ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ వ్యవస్థను ఆపేసి, భూమికి తిరిగి దిగేటప్పుడు వాడాల్సిన థ్రస్టర్లతో దాన్ని అదుపు చేశాడు. అది చదివాక ప్రతి గుత్తికీ విడిగా మూసే వాల్వు ఉండాలని నిర్ణయించాను. ఎనిమిది ఎర్ర పిడులు, వెనక సీటు ఎడమ గోడ మీద, నౌకలో గుత్తులు ఉన్న వరుసలోనే. ఊపిరాడనంత వేగంగా తిరుగుతున్నప్పుడు లేబుల్ చదవడం కుదరదు, చేయి వెతుక్కుని అందుకోవాలి.

తుపాకీ గురించి చెప్పాల్సింది ఒక్కటే. దాని గొట్టం నౌక నడిమి గీత మీదే ఉంటుంది. పక్కన పెడితే ప్రతి గుండుకీ నౌక తిరిగిపోతుంది.

ఆకారం, రంగు

ఇవన్నీ కాగితం మీద తేలాకే ఆకారాలు గీయడం మొదలుపెట్టాను. నల్లటి సిల్హౌట్లు వేసి, బొటనవేలి గోరంత సైజుకి తగ్గించి చూశాం. పలకలు చాచినప్పుడు, మడిచినప్పుడు రెండు వేర్వేరు నౌకల్లా కనిపించినా, ముక్కు, నడుము మీది కనోపీ ఉబ్బు చూసి అదే నౌక అని గుర్తుపట్టాలి. ఈ పరీక్ష దాటనివి ఎంత అందంగా ఉన్నా తీసేశాం.

బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్‌లో బ్లాకౌట్ (ముతక నమూనా) చేసేటప్పుడు మొదటి రోజు నుంచీ రెండు మనిషి బొమ్మలు లోపల కూర్చునే ఉన్నాయి. మనుషుల్ని తర్వాత ఇరికించే పద్ధతి నాకు ఇష్టం ఉండదు, అలా చేస్తే కొలతలు ఎప్పుడూ అబద్ధం చెబుతాయి. రెండు కుర్చీలు, అట్టపెట్టెలతో కాక్‌పిట్ నమూనా కట్టి ఇద్దరు యానిమేటర్లను కూర్చోబెట్టాం. లివర్ అసలు ఎత్తు అక్కడే తేలింది. ముందున్న వ్యక్తి వెనక్కి తిరగకుండానే లివర్ కదలికను మోచేతికి తగిలించుకుని తెలుసుకోగలగాలి, దానికోసం పిడిని ముందుకు వంచాం.

చిన్న డీటెయిల్స్ విషయంలో నా పద్ధతి ఒక్కటే. ప్రతి మూత వెనకా దాన్ని తెరిచే మెకానిక్ ఉండాలి. ఎందుకు తెరుస్తాడో చెప్పలేని మూత గీయను. అందుకే భేరుండ మీద పెద్ద ఖాళీ స్థలాలున్నాయి, నీటి ట్యాంకు నింపే చోటు, వాల్వుల దగ్గర మాత్రం వివరాలు గుంపుగా ఉంటాయి. పిడులు, మెట్ల కొలత మనిషి చేతికీ కాలికీ తగ్గట్టు ఉండటంతో నౌక ఎంత పెద్దదో విడిగా చెప్పాల్సిన అవసరం రాలేదు. రంగుల్లో తెలుపు, నలుపు రేడియేటర్ల వల్ల వచ్చినవి. మిగతా శరీరం బూడిద రంగు. ఆవిరి రంధ్రాల చుట్టూ హెచ్చరిక చారలు.

రిగ్గింగ్ టీమ్ చేతికి వెళ్ళాక

రిగ్ పరీక్షలో ఒక చిక్కు బయటపడింది. చల్లటి పలకలు పూర్తిగా చాచి ఉన్నప్పుడు ముక్కు కింది థ్రస్టర్ల మంట వాటి ముందు అంచుకి దగ్గరగా పోతోంది. నాజిల్ కోణం ఇంకా మార్చితే తిప్పే బలం తగ్గుతుంది. రిగ్గర్ ఇంకో దారి సూచించింది: పలకలు చాచి ఉన్నంతసేపూ ఆ గుత్తులకు తాళం. అంటే రెక్కలు విప్పితే నౌక మెల్లగా మాత్రమే తిరుగుతుంది, సెకనుకు 30 డిగ్రీలకు మించి తిరగదు. అంత పలచటి పలకలు అంతకంటే వేగాన్ని తట్టుకోవు కూడా. నిమిషంలో ఒప్పుకున్నాను. ఇప్పుడు రెక్కలు చాచిన భేరుండ చల్లబడుతుంది కానీ పోరాడలేదు, మడిచిన భేరుండ పోరాడుతుంది కానీ లోపల వేడెక్కుతుంటుంది.

కనోపీ మీద మాత్రం రాజీ పడ్డాం. నిజాయితీగా చూస్తే ఇలాంటి నౌకకి గాజు అక్కర్లేదు, సెన్సర్లు చాలు. కానీ ముఖాలు లేకపోతే సిరీస్ లేదు. ప్రయాణంలో గాజు తెరిచి ఉంటుంది, పోరాటంలో కవచం మూసుకుంటుంది. అప్పుడు కెమెరా లోపలికి వస్తుంది, స్క్రీన్ల వెలుగు, ఆ పసుపు, నీలం లైట్లు తప్ప ఇంకేమీ ఉండవు. ఈ రాజీ కథకి మేలే చేసింది.

ప్రస్తుతం దెబ్బతిన్న వెర్షన్ మీద పని జరుగుతోంది. ఎడమ చల్లటి పలక మొదలు దగ్గరే విరిగిపోయింది. నౌక బరువు కుడికి వాలింది, కాబట్టి ఇంజిన్ వెలిగిన ప్రతిసారీ ముక్కు కుడికి తిరగబోతుంది, వెనక సీటు దాన్ని ఆపుతూ ఉండాలి. చల్లబరిచే శక్తి సగమైంది. ఎలక్ట్రానిక్స్‌లో సగం ఆపేయాలి, ఏ సగమో ఆ ఇద్దరూ మాట్లాడుకుని తేల్చుకోవాలి. దానికోసం వెనక ప్యానెల్ మీద స్విచ్చులను రెండు వరుసలుగా మళ్ళీ సర్దుతున్నాను: పై వరుసలో ఆమెకు అవసరమైనవి, కింది వరుసలో అతనికి అవసరమైనవి.